మడ్, పిడ్: ఇంటి ధరలో కనిపించని పైపుల అప్పు

టెక్సస్‌లో కొత్త కమ్యూనిటీలో ఇల్లు చూసేవాళ్ళకు మొదటి రోజే వినపడే మాటలు రెండు: మడ్, పిడ్. మొదటిది మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. రెండోది పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్. హ్యూస్టన్ వైపు కేటీ, సైప్రెస్, ఫోర్ట్ బెండ్ కౌంటీలో మడ్‌లు ఎక్కువ. డాలస్ ఉత్తరాన సెలీనా, ఆబ్రీ, అన్నా, ప్రిన్స్‌టన్ వైపు పిడ్‌లు ఎక్కువ. మనవాళ్ళు ఇళ్ళు కొంటున్న చోట్లు కూడా సరిగ్గా ఇవే. అయినా చాలామంది రెంటినీ కలిపి "ఎక్స్‌ట్రా ట్యాక్స్" అని ఒకే గాటన కట్టేస్తారు. అవి ఒకటి కావు. ఒకటి పన్ను, ఇంకొకటి అప్పు. ఒకదాన్ని నడిపే బోర్డులో మీరు కూర్చోవచ్చు, రెండోదాన్ని నడిపేది సిటీ కౌన్సిల్. ఒకటి ఎప్పటికి తీరుతుందో ఎవరూ రాసివ్వలేరు, రెండోది ఏ సంవత్సరంలో తీరుతుందో కాగితం మీదే ఉంటుంది.

అసలు ఈ డిస్ట్రిక్ట్‌లు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతా లెక్కంతా సులువుగా అర్థమవుతుంది. వెయ్యి ఎకరాల పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా మార్చాలంటే ముందు నేలలోకి చాలా డబ్బు పోవాలి. తాగునీటి లైన్లు, మురుగు పైపులు, మురుగును ఎత్తిపోసే లిఫ్ట్ స్టేషను, శుద్ధి ప్లాంటు, వాననీరు నిలిపే డిటెన్షన్ పాండ్లు, లోపలి రోడ్లు కావాలి. సిటీ హద్దు బయట ఉన్న పొలానికి సిటీ ఇవేమీ వేయదు. టెక్సస్‌లో కౌంటీలకు నీళ్ళూ మురుగూ చూసే బాధ్యత దాదాపు లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల లేఅవుట్ వేసేవాళ్ళు రోడ్లు, డ్రైనేజీ ఖర్చంతా గజం ధరలోనే కలిపేస్తారు. కొన్నవాడు ఒకేసారి కట్టేసి ఊరుకుంటాడు. టెక్సస్ పద్ధతి అది కాదు. అక్కడ ఆ పొలం హద్దుల వరకే ఒక చిన్న ప్రభుత్వాన్ని పుట్టిస్తారు. అది బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది, ఆ బాండ్లను తర్వాత వచ్చి చేరినవాళ్ళు ఇరవై ఐదు, ముప్పై ఏళ్ళ పాటు పన్ను రూపంలో తీరుస్తారు. అందువల్ల పైపుల ఖర్చు ఇంటి ధరలో కనిపించదు, ట్యాక్స్ బిల్లులో కనిపిస్తుంది.

మన దగ్గర దీనికి పోలిక చెప్పమంటే పారిశ్రామికవాడల్లోని 'ఐలా' చెప్పాలి. ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ ఆ ఎస్టేటు వరకు ఆస్తిపన్ను తనే వసూలు చేసి రోడ్లు, లైట్లు, డ్రైన్లు చూసుకుంటుంది. అందులో 35 శాతం స్థానిక పంచాయతీకో మునిసిపాలిటీకో ఇస్తుంది. హద్దు గీసి, ఆ హద్దులో వసూలైనదాన్ని ఆ హద్దులోనే ఖర్చు పెట్టాలనే ఆలోచన రెండు చోట్లా ఒకటే. కాకపోతే టెక్సస్ మడ్‌కు ఓటర్లుంటారు, బాండు అప్పు ఉంటుంది.

ఇక మడ్ ఎలా పుడుతుందో చూద్దాం. టెక్సస్ రాజ్యాంగం 16వ అధికరణం 59వ సెక్షన్ దీనికి పునాది. 1917లో చేర్చిన సవరణ అది. నడవడికంతా వాటర్ కోడ్ 49, 54 అధ్యాయాల్లో ఉంటుంది. పుట్టించే దారులు రెండు. ఒకటి, రాష్ట్ర పర్యావరణ కమిషన్ టీసీఈక్యూకి పిటిషన్ పెట్టడం. రెండోది, శాసనసభలో ఆ డిస్ట్రిక్ట్ కోసమే ప్రత్యేక బిల్లు పాస్ చేయించుకోవడం. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది కాబట్టి రెండో దారిలో వెళ్ళేవాళ్ళు ఆ గడువును పట్టుకుని ముందే సిద్ధమవుతారు. పిటిషన్ మీద విలువ ప్రకారం మెజారిటీ భూమి ఉన్న యజమానులు సంతకం చేయాలి. కొత్త పొలంలో యజమాని తరచుగా ఒక్క డెవలపరే కాబట్టి అది కష్టమైన షరతు కాదు. హద్దుల వివరం, ప్రాథమిక ఇంజినీరింగ్ రిపోర్టు, ఇళ్ళు అమ్ముడుపోతాయా లేదా అనే మార్కెట్ అధ్యయనం జత చేస్తారు. పొలం ఏదైనా సిటీ ఈటీజే పరిధిలో, అంటే ఆ సిటీ బయటి అజమాయిషీ ప్రాంతంలో ఉంటే, సిటీ సమ్మతి కూడా కావాలి. బేరమంతా ఇక్కడే జరుగుతుంది. సమ్మతి ఇవ్వడానికి సిటీలు రోడ్డు వెడల్పు దగ్గర్నుంచి ఇంటి గోడకు ఎంత ఇటుక ఉండాలనే దాకా షరతులు పెడతాయి.

మంజూరయ్యాక ఐదుగురు తాత్కాలిక డైరెక్టర్లు వస్తారు. డైరెక్టరు కావాలంటే 18 ఏళ్ళు నిండిన టెక్సస్ వాసి, పౌరుడు అయి ఉండాలి, ఆ హద్దులో పన్ను కట్టే భూమి గానీ ఓటు గానీ ఉండాలి. డెవలపర్ ఉద్యోగులు, దగ్గరి బంధువులు, లాయర్లు ఉండకూడదని 49.052 సెక్షన్ చెబుతుంది. కానీ ఇంకా ఇల్లే లేని పొలంలో భూమి ఎవరికుంటుంది? అందుకే డెవలపరే తలా ఒక చిన్న ముక్క రాసిస్తాడు. అది చట్టం ఒప్పుకున్న పద్ధతే.

తర్వాత జరిగేది నిర్ధారణ ఎన్నిక. నాకు ఈ ఏర్పాటు మొత్తంలో మింగుడుపడనిది ఇదొక్కటే. పొలంలో ఒకటో రెండో మొబైల్ హోమ్‌లు పెట్టి, ఎన్నిక నాటికి వాటిలో ఇద్దరినో ముగ్గురినో కాపురం పెట్టి, వాళ్ళ ఓట్లతో డిస్ట్రిక్ట్‌ను ఖాయం చేయడం టెక్సస్‌లో చాలాకాలంగా నడుస్తోంది. అదే బ్యాలెట్ మీద బాండ్ల పరిమితి కూడా ఉంటుంది: నీళ్ళకు, మురుగుకు, డ్రైనేజీకి ఇంత, రోడ్లకు ఇంత, పార్కులకు ఇంత అని. మొత్తం కోట్ల డాలర్లలో ఉంటుంది. ఆ పొలంలో తర్వాత మూడు వేల కుటుంబాలు వచ్చి చేరినా బాండ్ల అనుమతికి మళ్ళీ ఓటు అడగరు. అనుమతి అప్పటికే ఇచ్చేశారు. మీరు ఇల్లు కొన్న ఐదేళ్ళకు కొత్త బాండ్లు వస్తే "మమ్మల్ని అడగలేదే" అని ఆశ్చర్యపోవాల్సిన పని లేకపోవడానికి కారణం ఇదే.

డబ్బు తిరిగే దారి ఇలా ఉంటుంది. ముందు డెవలపర్ తన డబ్బుతో పైపులు వేస్తాడు. డిస్ట్రిక్ట్‌తో రీయింబర్స్‌మెంట్ ఒప్పందం రాసుకుంటాడు. కొన్ని ఇళ్ళు లేచి, పన్ను వేయడానికి విలువ ఏర్పడ్డాక డిస్ట్రిక్ట్ మొదటి విడత బాండ్లకు టీసీఈక్యూకి దరఖాస్తు చేస్తుంది. కమిషన్ ఖర్చుల లెక్కలు, వేసే పన్ను రేటు బాండ్లను మోయగలదా అన్నది చూస్తుంది. రోడ్డు బాండ్లకు మాత్రం ఈ కమిషన్ పరిశీలన ఉండదు, ఇది గుర్తుంచుకోవాల్సిన తేడా. ఆ తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్ ఆమోదం, బాండ్ల వేలం, ఆడిటర్ లెక్క, డెవలపర్‌కు వడ్డీతో సహా చెల్లింపు. ఇళ్ళు పెరిగేకొద్దీ రెండో విడత, మూడో విడత. నీళ్ళు, మురుగు పనుల ఖర్చుల్లో కొన్నింటిలో 30 శాతం డెవలపరే భరించాలనే నియమం ఉంది గానీ, బాండ్లకు మంచి రేటింగ్ ఉన్నా, విలువతో పోల్చితే అప్పు తక్కువగా ఉన్నా మినహాయింపు దొరుకుతుంది. ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1980లలో చమురు ధర కూలినప్పుడు హ్యూస్టన్ చుట్టూ ఇళ్ళు అమ్ముడుపోక కొన్ని మడ్‌లు బాండ్లు కట్టలేక చేతులెత్తేశాయి. వంద ఇళ్ళు వస్తాయనుకున్న చోట ముప్పై వచ్చి ఆగితే, ఆ ముప్పై ఇళ్ళే మొత్తం పైపుల అప్పు మోయాలి. ఇప్పటికీ అసలు ప్రమాదం ఇదే. ఈ బాండ్లకు వేసే పన్నుకు రేటు పరిమితి గానీ మొత్తం పరిమితి గానీ లేదని బాండు కాగితాల్లోనే రాసి ఉంటుంది.

మడ్ పన్నులో రెండు ముక్కలుంటాయి. ఒకటి బాండ్ల వాయిదాకు, రెండోది నిర్వహణకు. రెండూ ఇంటి విలువ మీద పడతాయి. 5 లక్షల డాలర్ల ఇంటికి వంద డాలర్ల విలువకు 80 సెంట్ల రేటు అనుకుంటే ఏడాదికి 4,000, నెలకు 333 డాలర్లు. 6.5 శాతం వడ్డీతో ముప్పై ఏళ్ళ లోనులో లక్షకు నెలకు 632 డాలర్లు పడతాయి కాబట్టి ఈ 333 దాదాపు 52,700 డాలర్ల లోనుకు సమానం. మడ్ లేని ఇల్లు యాభై వేలు ఎక్కువ చెబుతుంటే అది ఖరీదైనదని వెంటనే తోసిపుచ్చకండి, నెలసరి భారం రెంటికీ ఒకటే కావచ్చు.

"రేటు ఏటేటా తగ్గుతుంది సార్" అని చెప్పేవాళ్ళుంటారు. తగ్గుతుంది, అది నిజమే. కాలనీ నిండేకొద్దీ అదే అప్పును ఎక్కువ ఇళ్ళు పంచుకుంటాయి. కానీ మీరు కట్టేది రేటు కాదు, డాలర్లు. 80 సెంట్లు 60కి దిగేలోపు 5 లక్షల ఇల్లు ఆరున్నర లక్షలు అయితే బిల్లు 3,900. ఊరట వంద డాలర్లే. స్కూల్ డిస్ట్రిక్ట్ పన్నులో సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 2025 నుంచి 1,40,000 డాలర్లకు పెరిగినా అది స్కూలు పన్ను వరకే. మడ్ ఏ మినహాయింపూ ఇవ్వకపోవచ్చు, అది బోర్డు ఇష్టం. సొంతంగా నివసించే ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న పరిమితి మాత్రం మడ్‌కూ వర్తిస్తుంది. అందుకే హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఆలస్యం చేయకండి.

మొదటి ఏడాది దెబ్బ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. టెక్సస్‌లో విలువ జనవరి 1 నాటి పరిస్థితిని బట్టి కడతారు. ఆ రోజుకు మీ స్థలంలో పునాది మాత్రమే ఉంటే ఆ ఏడాది పన్ను దాదాపు స్థలం మీదే పడుతుంది. బ్యాంకు ఆ చిన్న బిల్లును చూసి ఎస్క్రో, అంటే పన్నుల కోసం నెల వాయిదాతో కలిపి తీసి పక్కన పెట్టే మొత్తం, కడితే నెల వాయిదా తక్కువగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది పూర్తి ఇంటి మీద బిల్లు వస్తుంది. అప్పుడు ఎస్క్రోలో లోటు, లోటు పూడ్చడానికి ఒక పెంపు, ముందుకు సరిపోవడానికి ఇంకో పెంపు, రెండూ ఒకేసారి నెల వాయిదా మీద పడతాయి. నెలకు ఐదారు వందలు పెరగడం మామూలే. క్లోజింగ్ అప్పుడే పూర్తి విలువ మీద ఎస్క్రో వేయమని అడగండి. వాళ్ళు వేయకపోతే ఆ తేడాను నెలనెలా విడిగా పక్కన పెట్టుకోండి.

ఇంకొకటి: హ్యూస్టన్ వైపు చాలా మడ్‌ల బిల్లు కౌంటీ బిల్లులో కలవదు. మడ్ సొంతంగా పెట్టుకున్న ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసు నుంచి విడిగా వస్తుంది. బ్యాంకు కౌంటీది కట్టేసి మడ్‌ది మర్చిపోయే ప్రమాదం ఉంది. బిల్లులు అక్టోబరు ప్రాంతంలో మొదలై జనవరి 31లోపు కట్టాలి. ఫిబ్రవరి వస్తే 7 శాతం అదనం, నెలనెలా పెరుగుతూ జులై 1 నుంచి లాయరు ఖర్చు కూడా కలవవచ్చు. డిసెంబరు చివర్లో రెండు సైట్లలోనూ "పెయిడ్" అని ఉందో లేదో మీరే చూసుకోండి.

పిడ్ దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. ఇది లోకల్ గవర్నమెంట్ కోడ్ 372వ అధ్యాయం కింద నడుస్తుంది. సొంత బోర్డుతో ఉండే ప్రభుత్వం కాదు. సిటీయో కౌంటీయో గీసిన ఒక హద్దు, ఆ హద్దులోని స్థలాల మీద వేసిన అసెస్‌మెంట్. పెట్టించాలంటే పిటిషన్ మీద పన్ను విలువలో సగానికి పైగా ఉన్న యజమానుల సంతకాలు కావాలి. దాంతోపాటు యజమానుల సంఖ్యలో సగానికి పైగా గానీ, విస్తీర్ణంలో సగానికి పైగా గానీ సంతకం చేసి ఉండాలి. తర్వాత కౌన్సిల్ బహిరంగ విచారణ జరుపుతుంది, దానికి 15 రోజుల ముందే పత్రికలో ప్రకటన, యజమానులకు ఉత్తరాలు వెళ్ళాలి. తీర్మానం అయ్యాక సర్వీస్ అండ్ అసెస్‌మెంట్ ప్లాన్ తయారవుతుంది. ఏ పనికి ఎంత ఖర్చు, ఏ స్థలానికి ఎంత లాభం, అందుకు ఎంత భాగం అన్నది అందులోనే ఉంటుంది. 40 అడుగుల స్థలానికి ఒక మొత్తం, 50 అడుగుల స్థలానికి ఇంకో మొత్తం. మళ్ళీ ఒక విచారణ, చివర్లో ఆర్డినెన్సు. ఈ ప్లాన్‌ను ఏటా సరిచూసి కొత్తది ఆమోదించాలి. పాత కాలనీ వాళ్ళు కలిసి రోడ్డు లైట్లకో సెక్యూరిటీకో పిడ్ పెట్టుకోవచ్చు కూడా. కొత్త కమ్యూనిటీల్లో మాత్రం పిటిషన్ పెట్టేది డెవలపరే.

ఆర్డినెన్సు పాసైన రోజున మీ స్థలం మీద ఒక అప్పు కూర్చుంటుంది. ఉదాహరణకు 45,000 డాలర్లు, 5.5 శాతం వడ్డీ, 30 ఏళ్ళు అనుకుందాం. సమాన వాయిదాలైతే ఏడాదికి దాదాపు 3,100. చట్టం బాండు వడ్డీ మీద అర శాతం వరకు అదనంగా వేయనిస్తుంది, అది మొదటి ఏడాది 225. పైన నిర్వహణ ఖర్చు. మొత్తం 3,400 దగ్గర తేలుతుంది. పదేళ్ళు క్రమం తప్పకుండా కట్టినా, అసలు, వడ్డీ వాయిదాలకే దాదాపు 31,000 చెల్లించాక కూడా, 37,000 అసలు మిగిలే ఉంటుంది. ఇంటి విలువ పెరిగినా పిడ్ పెరగదు, పడిపోయినా తగ్గదు. హోమ్‌స్టెడ్ మినహాయింపుతో దీనికి సంబంధం లేదు. పన్ను విలువ తగ్గించమని వేసే అప్రైజల్ ప్రొటెస్ట్ గెలిచినా ఒక్క సెంటు కదలదు.

మడ్‌లో లేని ఒక సౌకర్యం పిడ్‌లో ఉంది: మీ వంతు మొత్తాన్ని ముందే తీర్చేయవచ్చు. సిటీ తరఫున పిడ్ లెక్కలు చూసే అడ్మినిస్ట్రేటర్‌ను పే-ఆఫ్ మొత్తం రాతపూర్వకంగా అడగండి. బాండును వెనక్కి తీసుకునే తేదీ వరకు వడ్డీ కలిపి చెబుతారు. తీర్చాక ఆ స్థలం మీద భారం తొలగినట్టు కాగితం అడిగి దాచుకోండి. కట్టడం లాభమా కాదా అన్నది వడ్డీల పోలికే. మీ ఇంటి లోను 6.5 శాతం, పిడ్ అర శాతంతో కలిపి 6 శాతం అయితే ముందు పిడ్ కట్టాల్సిన తొందర లేదు. ఐదారేళ్ళలో అమ్మేసే ఉద్దేశం ఉంటే ఇంకా ఆలోచించాలి, ఎందుకంటే పిడ్ తీరిన ఇంటికి కొనేవాళ్ళు పూర్తి తేడా ఇస్తారన్న హామీ లేదు. నన్నడిగితే, బిల్డర్ దగ్గర మిగిలిపోయిన ఇల్లు కొంటున్నప్పుడు డిజైన్ సెంటర్ క్రెడిట్ కంటే పిడ్ పే-ఆఫ్ కోసం బేరమాడటం మేలు. క్వార్ట్జ్ కౌంటర్‌టాప్ తర్వాతైనా వేయించుకోవచ్చు.

కొన్ని సిటీలు పిడ్ మీద టర్జ్ కూడా పెడతాయి. అంటే ఆ ప్రాంతంలో పెరిగిన సిటీ పన్నులో కొంత భాగాన్ని మీ వాయిదాకు జమ చేసే ఏర్పాటు. వాయిదా పట్టికలో "టర్జ్ క్రెడిట్" అన్న గడి ఉంటే అది ఏటా ఎంత వచ్చిందో చూడండి. అంచనా వేరు, జమ వేరు.

ఆదాయపు పన్నులో కూడా రెండూ ఒకటి కావు. మడ్ విలువ మీద పడే ఆస్తిపన్ను కాబట్టి ఐటమైజ్ చేసేవాళ్ళు, అంటే ఖర్చులను విడివిడిగా చూపి మినహాయింపు అడిగేవాళ్ళు, రాష్ట్ర, స్థానిక పన్నుల పరిమితికి లోబడి చూపుకోవచ్చు. పిడ్ స్థలానికి లాభం చేకూర్చే పని కోసం వేసిన అసెస్‌మెంట్. అందులో అసలు భాగాన్ని పన్నుగా చూపకూడదు, వడ్డీ, నిర్వహణ భాగాలు విడిగా తేలితేనే వాటికి అవకాశం. కౌంటీ బిల్లు మీద ఒకే మొత్తంగా కనిపించిందని అంతా కలిపి వేసేయడం చాలామంది చేసే తప్పు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకు ఇదే వస్తువు మెల్లో-రూస్ పేరుతో తెలుసు. 1978లో ప్రపోజిషన్ 13 ఆస్తిపన్నును ఒక శాతానికి కట్టేశాక కొత్త కాలనీలకు డబ్బు కోసం 1982లో ఆ చట్టం తెచ్చారు. హద్దులో 12 మంది కంటే తక్కువ ఓటర్లుంటే భూ యజమానులే ఎకరానికో ఓటు లెక్కన వేస్తారు, మూడింట రెండొంతులు రావాలి. పన్ను సాధారణంగా ఇంటి చదరపు అడుగులను బట్టి పడుతుంది, ఏటా 2 శాతం దాకా పెరిగేలా రాసి ఉండవచ్చు. వాయిదా ఎగ్గొడితే కౌంటీ మామూలు ఐదేళ్ళ గడువు కోసం ఆగకుండా కోర్టుకు వెళ్తామని బాండుదారులకు మాట ఇచ్చి ఉంటారు. టెక్సస్ పిడ్‌ది కూడా అంతే గట్టి పట్టు: ఆస్తిపన్నుల తర్వాత వరస దానిదే, బ్యాంకు మార్ట్‌గేజ్ దాని వెనకే.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు చదవాల్సిన కాగితాలు మూడే. మొదటిది నోటీసు. మడ్‌కు వాటర్ కోడ్ 49.452 కింద, పిడ్‌కు ప్రాపర్టీ కోడ్ 5.014 కింద, మీరు కట్టుబడే ఒప్పందం మీద సంతకం పెట్టేలోపు అమ్మేవాళ్ళు ఇవ్వాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి పిడ్ నోటీసు నియమాలు ఇంకా గట్టిపడ్డాయి. నోటీసు ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కొనేవారిది. డిజిటల్ సంతకాల్లో యాభై పేజీల మధ్య ఇది దొర్లిపోతుంది, కాబట్టి ఆ పేజీని ముందే విడిగా పంపమని అడగండి. మడ్ నోటీసులో మూడు అంకెలు వెతకండి: ప్రస్తుత రేటు, ఓటర్లు అనుమతించిన బాండ్ల మొత్తం, ఇప్పటివరకు అమ్మిన మొత్తం. అనుమతించింది 20 కోట్లు, అమ్మింది 4 కోట్లు అయితే మీ రేటు ఇప్పట్లో దిగదని అర్థం చేసుకోవాలి.

రెండోది బాండు అమ్మకం కాగితం, అఫీషియల్ స్టేట్‌మెంట్. ఎమ్మా అనే మునిసిపల్ బాండ్ల వెబ్‌సైట్‌లో డిస్ట్రిక్ట్ పేరు కొడితే ఉచితంగా దొరుకుతుంది. వంద పేజీలు ఉంటుంది గానీ చదవాల్సినవి కొన్నే. ఎన్ని ఇళ్ళు పూర్తయ్యాయి, ఎన్ని స్థలాలు ఖాళీ, మొదటి పది మంది పెద్ద పన్నుదారులు ఎవరు. ఆ జాబితాలో డెవలపర్, బిల్డర్ల వాటా ఎంత ఎక్కువైతే డిస్ట్రిక్ట్ అంత పచ్చిగా ఉన్నట్టు. వాళ్ళు ఆగిపోతే భారం ఎవరి మీదికి వస్తుందో పైన చూశాం. ఇంకో పట్టిక అదే భూమి మీద కౌంటీ, స్కూలు, మడ్ అన్నీ కలిపి ఎంత అప్పు ఉందో చెబుతుంది. మడ్ ఉన్న చోట మొత్తం పన్ను రేటు 3 శాతం దాటడం అరుదేమీ కాదు. మూడోది పిడ్ అయితే ప్లాన్ చివర ఉండే మీ స్థలం రకం వాయిదాల పట్టిక, ఆఖరి సంవత్సరం దాకా.

ఫోర్ట్ బెండ్‌లో కొనేవాళ్ళు ఇంకో పేరు కూడా చూడాలి: లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, ఎల్ఐడీ. బ్రాజోస్ నది నుంచి కాపాడే కట్ట, లోపలి వాననీటిని తోడి బయటపోసే పంపులు దాని పని. 2017 హార్వీ తుపానులో కట్ట బయట నది, లోపల వాన రెండూ ఒకేసారి పెరిగినప్పుడు ఈ పంపుల సామర్థ్యం ఎంతన్నదే అసలు ప్రశ్న అయింది. కొన్ని ఇళ్ళకు మడ్, ఎల్ఐడీ రెండూ పడతాయి. ఇక్కడ మాత్రం నా మాట వేరు. ఎల్ఐడీ రేటు తగ్గించమని ఒత్తిడి చేసే ముందు పంపుల రిపోర్టు చదవండి.

హెచ్‌ఓఏ ఈ లెక్కలో ఎక్కడా లేదు. అది ఇంటి డీడ్‌తో వచ్చే సంఘం, గేటు, పూల్, గడ్డి చూస్తుంది. మడ్ నిర్వహణ డబ్బు నీళ్ళకు, మురుగుకు, చాలాచోట్ల చెత్త బండికి పోతుంది. నీటి బిల్లు మళ్ళీ విడిగా వస్తుంది. హ్యూస్టన్ చుట్టూ భూగర్భజలం తోడటం వల్ల నేల కుంగుతోంది కాబట్టి నది నీటికి మారుతున్నారు, అందుకోసం ప్రాంతీయ వాటర్ అథారిటీ వేసే రుసుము ఆ బిల్లులో కలుస్తుంది. గడ్డికి నీళ్ళు పెట్టే జులైలో బిల్లు చూసి మడ్‌ను తిట్టుకునేవాళ్ళు ఆ గీతను ఒకసారి చదవాలి.

"కొన్నేళ్ళకు సిటీ కలుపుకుంటుంది, మడ్ పోతుంది" అనే మాట పాతకాలపు ఆశ. ఒకప్పుడు సిటీ కలుపుకుంటే మడ్ రద్దై అప్పు సిటీ నెత్తిన పడేది. 2019లో వచ్చిన చట్టం తర్వాత అక్కడివాళ్ళ సమ్మతి లేకుండా సిటీ కలుపుకోవడం దాదాపు ఆగిపోయింది. హ్యూస్టన్ లాంటి చోట ఒప్పందం ద్వారా మడ్‌లోని దుకాణాల సేల్స్ ట్యాక్స్ పంచుకుని, మిగతా భారం మడ్‌కే వదిలే పద్ధతి ఉంది.

చివరిగా బోర్డు. ఐదుగురు డైరెక్టర్లకు నాలుగేళ్ళ పదవీకాలం, సరి సంవత్సరాల్లో మేలోనో నవంబరులోనో ఎన్నిక. ఎవరూ పోటీ చేయకపోతే ఎన్నికే జరగదు, ఉన్నవాళ్ళే కొనసాగుతారు. ఇలా ఏళ్ళ తరబడి నడిచిన డిస్ట్రిక్ట్‌లు ఉన్నాయి. మన కాలనీల్లో హెచ్-1బీ, గ్రీన్ కార్డుల మీద ఉన్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి వేల ఇళ్ళున్నా ఓట్లు వందల్లోనే ఉండవచ్చు. పౌరసత్వం వచ్చినవాళ్ళు ఓటు చిరునామా మార్చుకుని వీధికి ఇద్దరు నిలబడినా బోర్డు రూపం మారుతుంది. ఓటు లేనివాళ్ళకు కూడా మాట్లాడే హక్కు ఉంది, 2019 నుంచి బోర్డు సమావేశాల్లో ఎజెండా అంశం మీద ఎవరైనా మాట్లాడవచ్చు. సమావేశాలు తరచుగా మధ్యాహ్నం పూట ఊరి మధ్యలోని లా ఆఫీసులో పెడతారు. కనీసం 50 మంది ఓటర్లు నివసిస్తున్న డిస్ట్రిక్ట్‌లో వాళ్ళలో ఐదుగురు రాతపూర్వకంగా అడిగితే, సమావేశాన్ని డిస్ట్రిక్ట్ లోపలికి, కుదరకపోతే దగ్గరి చోటికి తెప్పించుకునే వీలు వాటర్ కోడ్‌లోనే ఉంది.

పన్ను రేటు తీర్మానం సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు సమావేశాల్లో వస్తుంది. ఆ రోజు హాజరైతే బుక్‌కీపర్ రిపోర్టు, ట్యాక్స్ రిపోర్టు అడిగి తీసుకోండి. తర్వాత అడగాల్సిన ప్రశ్నలు మూడు: డెవలపర్‌కు ఇంకా ఎంత బాకీ ఉంది, దాని మీద వడ్డీ ఎప్పటినుంచి నడుస్తోంది, తర్వాతి విడత బాండ్లు ఏ ఏడాది.